టీవీ న్యూస్‌రూమ్‌లో మన కుర్చీ: తిరుపతి, చిత్తూరు పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి

2015 ఏప్రిల్ 7 పొద్దున నేను హైదరాబాద్‌లో ఒక న్యూస్ ఛానల్ డెస్క్‌లో షిఫ్ట్‌లో ఉన్నాను. శేషాచలం అడవిలో ఎన్‌కౌంటర్ అని తిరుపతి నుంచి ఫోన్ వచ్చింది. చనిపోయినవాళ్ళ సంఖ్య పెరుగుతూ పోయి 20 దగ్గర ఆగింది. మా స్క్రోలింగ్‌లో మొదట పడిన మాట ‘స్మగ్లర్లు’. వాళ్ళు తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళని, కూలికి ఎర్రచందనం చెట్లు నరికేవాళ్ళని కాసేపటికి తెలిసింది. నేను చిత్తూరు జిల్లాలో ఒక దళితవాడలో పుట్టాను. తెల్లారకముందే మేస్త్రీ వెంట లారీ ఎక్కి పోయే కూలీలను చూస్తూ పెరిగాను. ‘స్మగ్లర్లు’ అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది. అవుట్‌పుట్ ఎడిటర్ దగ్గరికి వెళ్ళి, ‘సార్, వీళ్ళు కూలీలు కదా, కూలీలనే రాద్దాం’ అన్నాను. ఆయన తల ఎత్తకుండానే ‘సరే, మార్చు’ అన్నారు. ఎవరూ వాదించలేదు. అంతవరకూ ఆ గదిలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు, అంతే.

ఊరికి వచ్చినప్పుడల్లా మన పిల్లలు అడుగుతుంటారు, ‘అన్నా, టీవీలోకి ఎట్లా పోయేది?’ అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఇళ్ళ నుంచి వచ్చే పిల్లల కోసం రాస్తున్నది ఇది. మిగతావాళ్ళకి కూడా చాలావరకు పనికొస్తుంది.

ముందు ఏ కుర్చీ కావాలో తేల్చుకోండి

నాకు ఫోన్ చేసే పదిమందిలో తొమ్మిదిమంది యాంకర్ అవుతామంటారు. తప్పేం లేదు. కానీ న్యూస్‌రూమ్ లోపల ఎవరి పని ఏమిటో తెలుసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

ఇన్‌పుట్ అంటే వార్త లోపలికి వచ్చే వైపు. అక్కడ అసైన్‌మెంట్ డెస్క్ ఉంటుంది. ఇవాళ ఏ వార్త కవర్ చేయాలి, ఏ రిపోర్టర్‌ని పంపాలి, లైవ్ వెహికల్ ఎటు వెళ్ళాలి అన్నది వాళ్ళు చూస్తారు. అవుట్‌పుట్ అంటే వార్త బయటికి వెళ్ళే వైపు. కాపీ ఎడిటర్ స్క్రిప్ట్ రాస్తారు. బులెటిన్ ప్రొడ్యూసర్ రన్‌డౌన్ వేస్తారు, అంటే ఏ వార్త ముందు, ఏది వెనక, దేనికి ఎంత సేపు అని. తర్వాత పీసీఆర్ (బులెటిన్‌ని తెర మీదికి పంపే కంట్రోల్ రూమ్), గ్రాఫిక్స్, వీడియో ఎడిటింగ్. యాంకర్ చదివేది ఇంతమంది తేల్చిన తర్వాత వచ్చిన కాపీ.

నా సలహా అసైన్‌మెంట్, లేదంటే అవుట్‌పుట్ డెస్క్. జనానికి కనిపించని కుర్చీలవి, కానీ ఎర్రచందనం వార్తలో మాట మారింది అక్కడే. మనవాళ్ళు తక్కువగా ఉన్నదీ అక్కడే. ఈ లెక్క అమెరికాలో ముందు బయటపడింది. 1967లో అక్కడి నగరాల్లో అల్లర్లు రేగినప్పుడు ప్రెసిడెంట్ జాన్సన్ కెర్నర్ కమిషన్ వేశారు. 1968లో వచ్చిన ఆ రిపోర్టులో మీడియా మీద ఒక అధ్యాయమే ఉంది. వార్తలు రాసే, దిద్దే ఉద్యోగాల్లో నల్లజాతివాళ్ళు 5 శాతం లోపు, ఎడిటర్లు, సూపర్‌వైజర్లలో అయితే 1 శాతం లోపు అని తేల్చారు. మన దేశంలో 2006లో యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కపెట్టారు. అందులో ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ, న్యూస్‌లాండ్రీ అనే వెబ్‌సైట్ కలిసి చూసిన 121 పెద్ద పదవుల్లో 106 అగ్రకులాలవాళ్ళవి. ఎస్సీ, ఎస్టీల లెక్క అప్పుడూ సున్నానే. మీరు డెస్క్‌లో చేరి పదేళ్ళు నిలబడితే ఆ సున్నా దగ్గర ఒక అంకె పడుతుంది.

కాగితాలు, చదువు

డిగ్రీ ఏదైనా డెస్క్‌లో తీసుకుంటారు. జర్నలిజం చదివితే మాత్రం ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది, సీనియర్ల పరిచయం దొరుకుతుంది. ఆ రెండూ మనకు ఇంట్లో దొరికేవి కావు.

ఆడపిల్లలకు తిరుపతిలోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ జర్నలిజం సంస్థ ఐఐఎంసీకి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ఎంట్రన్స్ రాయాలి, రెండుచోట్లా రిజర్వేషన్ ఉంది. చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం (ఏసీజే) ఉంది, తిరుపతి నుంచి బస్సులో మూడున్నర గంటలు. ఫీజు ఎక్కువే కానీ దళిత, ఆదివాసీ విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇస్తారు, నోటిఫికేషన్ రాగానే ఆ పేజీ ముందు చదవండి. తెలుగులోనే పనిచేయాలనుకుంటే రామోజీ ఫిల్మ్ సిటీలో ఈనాడు జర్నలిజం స్కూల్ ఉంది. ఎంట్రన్స్ రాసి లోపలికి వెళ్తే ట్రైనింగ్ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లలకు అది పెద్ద ఆసరా.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు డిగ్రీ చివరి సంవత్సరంలోనే సచివాలయంలో అప్లై చేసి తీసిపెట్టుకోండి. బీసీ పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర సంస్థలకు మన రాష్ట్రం సర్టిఫికెట్ చాలదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి. అడ్మిషన్ రోజు ఈ ఒక్క కాగితం లేక వెనక్కి వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

రెండు తెలుగులు

నేను స్ట్రింగర్‌గా, అంటే నెల జీతం లేకుండా స్టోరీకి ఇంత అని పనిచేసే విలేకరిగా, ఉన్న కొత్తలో ఒక వానాకాలం స్వర్ణముఖి పొంగింది. మొదటిసారి నన్ను లైవ్ ఫోనోలోకి, అంటే బులెటిన్ మధ్యలో ఫోన్‌లో మాట్లాడటానికి, తీసుకున్నారు. టెన్షన్‌లో ‘నీళ్ళు వస్తానే ఉండాయి, జనం యాడికి పోవాల్నో తెలీక నిలబడుకోనుండారు’ అనేశాను. లైన్ కట్ కాకముందే అటువైపు పీసీఆర్‌లో నవ్వులు వినిపించాయి. వారం రోజులు ఫోన్ వస్తే ఎత్తాలంటే భయమేసింది.

ఆ తర్వాత నేను చేసిన పనే మిమ్మల్నీ చేయమంటున్నాను. రోజూ అరగంట పేపర్ గట్టిగా చదివి ఫోన్‌లో రికార్డ్ చేయండి. వెంటనే వినొద్దు, రాత్రి వినండి. అప్పుడైతే మీ గొంతు పరాయివాళ్ళ గొంతులా వినిపించి తప్పులు దొరుకుతాయి. మనకు పడిపోయేవి ముఖ్యంగా ఒత్తులు. ‘ఘటన’, ‘భద్రత’, ‘విద్యార్థి’, ‘అభ్యర్థి’. తర్వాత శ, ష, స తేడా. ‘శేషాచలం’ అన్న ఒక్క మాట సాఫీగా పలకడానికి నాకు చాలా రోజులు పట్టింది. ‘ఫలితం’లో మొదటి అక్షరాన్ని ఇంగ్లీష్ ఎఫ్‌లా పలకొద్దు. ‘వస్తా ఉండాడు’ని ‘వస్తున్నారు’ అని, ‘చెప్పినాడు’ని ‘చెప్పారు’ అని మార్చుకోవడం నెలలో వచ్చేస్తుంది. ఉచ్చారణకి ఆరు నెలలు పడుతుంది, ఓపిక పట్టండి.

కానీ ఇంటి తెలుగుని వదలొద్దు. అదే మీ పెట్టుబడి. శ్రీకాళహస్తి దగ్గర ఒక యానాదుల కాలనీకి నాతోపాటు ఒక స్టాఫ్ రిపోర్టర్ వచ్చాడు. ‘అమ్మా, మీ సమస్యలు తెలియజేయండి’ అంటూ లోగో, అంటే ఛానల్ గుర్తు ఉన్న మైకు, మూతి దగ్గర పెట్టాడు. ముసలామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గుడిసెలోకి వెళ్ళిపోయింది. నేను లోగో పక్కన పెట్టి గడప దగ్గర కూర్చుని, ‘ఏమవ్వా, కూడు తిన్న్యావా?’ అన్నాను. పావుగంట మాట్లాడింది. ఆధార్ లేక బియ్యం రావడం లేదని ఆమె చెప్పిన మాటే ఆ సాయంత్రం మా బులెటిన్‌లో పడింది.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు పిల్లలకు అరవం వచ్చు. దాన్ని బయోడేటాలో పెద్ద అక్షరాల్లో రాయండి. ఆ ఎన్‌కౌంటర్ తర్వాత తిరువణ్ణామలై వైపు పల్లెల్లో చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళతో మాట్లాడటానికి ఛానళ్ళు తమిళం తెలిసిన మనిషి కోసం వెతుక్కున్నాయి.

టైపింగ్ కూడా ఇప్పుడే నేర్చుకోండి. యూనికోడ్‌తో పాటు డీటీపీలో వాడే అనూ తెలుగు ఫాంట్లు, వాటికి యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్ ఇంకా చాలా డెస్కుల్లో నడుస్తున్నాయి. టెస్ట్‌లో చేతులు ఆగిపోతే తెలిసిన విషయం కూడా రాయలేరు.

రోజూ ఒక కాపీ

తిరుపతిలో ఉన్నవాళ్ళకు ఒక అదృష్టం ఉంది. ప్రతి పొద్దునా ప్రాక్టీస్‌కి వార్త దొరుకుతుంది. నిన్న దర్శనం చేసుకున్నవాళ్ళెందరు, తలనీలాలు ఇచ్చినవాళ్ళెందరు, హుండీ ఆదాయం ఎంత, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి అని టీటీడీ లెక్క ఇస్తుంది. దాన్ని 20 సెకన్ల కాపీగా రాయండి. మొదట్లో అందరూ ఇలా రాస్తారు: ‘తిరుమలలో భక్తుల రద్దీ కొనసాగుతోంది.’ ఆ వాక్యం నిన్నటికీ సరిపోతుంది, రేపటికీ సరిపోతుంది. టీవీ ముందు కూర్చున్న మనిషికి కావలసింది వేరే. సాయంత్రం నెల్లూరులోనో చెన్నైలోనో బస్సెక్కబోయేవాడు అడిగే ప్రశ్నకి మొదటి వాక్యంలో జవాబు చెప్పాలి: ‘టోకెన్ లేకుండా ఇవాళ కొండకి వెళ్తే దర్శనానికి 12 గంటలు పట్టేలా ఉంది. క్యూ కంపార్ట్‌మెంట్లు దాటి బయటికి వచ్చింది.’ ఇట్లా వంద రోజులు రాస్తే ఏ టెస్ట్‌కైనా భయపడక్కర్లేదు.

ఇంకొక నోట్‌బుక్‌లో మీ ఊరి వార్తలు రాసుకోండి. వానాకాలంలో శవాన్ని మోసుకుపోవడానికి దారి లేని కాలనీ ఏది? సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి ఒకే అర్జీతో ఎన్నోసారి వచ్చారు? జూన్‌లో తోతాపురి ధర పడితే అన్ని ఛానళ్ళూ రైతు దగ్గరికి పోతాయి, పోవాల్సిందే. గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రంతా కాయలు ఏరే ఆడవాళ్ళ కూలి ఎంతో ఎవరూ అడగరు. మీ అమ్మో, పిన్నమ్మో ఆ పనికి పోయి ఉంటే మీకు తెలుసు. ఇట్లాంటివి ఇరవై ఉంటే ఇంటర్వ్యూలో ‘మీ దగ్గర ఐడియాలేమున్నాయి’ అన్నప్పుడు తడుముకోనక్కర్లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా. దళితవాడ వార్త వస్తే మీ వైపు చూస్తారు, బడ్జెట్ వస్తే ఇంకొకరి వైపు చూస్తారు. మన వార్తలు మనమే రాయాలి, అందులో వెనక్కి తగ్గొద్దు. కానీ ఎన్నికల లెక్కలు, కోర్టు తీర్పులు, శ్రీసిటీ పెట్టుబడులు, క్రికెట్ కూడా నేర్చుకోండి. రాత్రి షిఫ్ట్‌లో ఏ వార్త వచ్చినా నిలబడి నడిపించగలిగినవాళ్ళకే రేపు బులెటిన్ అప్పజెబుతారు.

ముఖం, వెలుతురు

అమెరికాలో మ్యాక్స్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడికి 1959లో వర్జీనియాలో ఒక స్టేషన్‌లో వార్తలు చదివే ఉద్యోగం వచ్చింది. గొంతు మాత్రమే వినిపించాలి, తెర మీద స్టేషన్ లోగో స్లైడ్ ఉంటుంది, ముఖం కనిపించకూడదు. ఒకరోజు ఆయన ఆ స్లైడ్ తీయించి ముఖం చూపించి చదివాడు. వెంటనే ఉద్యోగం తీసేశారు. 1978లో ఏబీసీ జాతీయ వార్తలకి యాంకర్లలో ఒకడుగా కూర్చున్నాడు. అమెరికా పెద్ద నెట్‌వర్కుల్లో ఆ కుర్చీ ఎక్కిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే.

మన దగ్గర ‘కలర్ తక్కువ’, ‘స్క్రీన్ ప్రెజెన్స్ లేదు’ అంటారు. నల్లని పిల్ల ముఖానికి మూడు షేడ్లు తెల్లగా ఫౌండేషన్ పూసి, మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు చేసి కూర్చోబెట్టడం నేను కళ్ళారా చూశాను. ఛానళ్ళకి చూపించడానికి డెమో వీడియో తీసుకునేటప్పుడు మీరు ఆ పని చేయొద్దు. మీ రంగుకి సరిపోయే షేడ్ వాడండి, మెరుపు తగ్గడానికి కొంచెం పౌడర్ చాలు. తెల్ల చొక్కా, తెల్ల చీర వద్దు. కెమెరా ఆ తెలుపుని చూసి వెలుతురు తగ్గించుకుంటుంది, ముఖం ఇంకా చీకటిగా పడుతుంది. ముదురు నీలం, మెరూన్ బాగుంటాయి. సన్న గళ్ళు, సన్న చారలు తెర మీద వణికినట్టు కనిపిస్తాయి. ఆకుపచ్చ వేసుకుంటే క్రోమాలో, అంటే వెనక ఆకుపచ్చ తెర తీసేసి వేరే బొమ్మ పెట్టేటప్పుడు, మాయమైపోతుంది.

ఫోన్‌ని అడ్డంగా పెట్టి, తెర మీద మీ ముఖం దగ్గర వేలు ఒత్తిపట్టి వెలుతురు లాక్ చేయండి. వెనక ఆకాశం ఉండకూడదు. పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య అలిపిరి దగ్గర ఎండకి ఎదురుగా నిలబడితే ఏ లైటూ అక్కర్లేదు. కాలర్ మైక్ ఒకటి కొనండి. వీడియో రెండు నిమిషాలు దాటొద్దు: ఇరవై సెకన్లు మీరు కెమెరాకి చెప్పేది, ఒక చిన్న స్టోరీ, చివర్లో ఒక నిమిషం బులెటిన్ చదవడం.

లోగో ఉచ్చు

మండలాల్లో పనిచేసే స్ట్రింగర్లలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడే ఆగిపోయినవాళ్ళూ చాలామందే. ‘డిపాజిట్ కట్టండి, లోగో ఇస్తాం’ అంటారు. తర్వాత దసరాకి, సంక్రాంతికి యాడ్ టార్గెట్ అంటారు. నేను ఒక ఛానల్‌కి అప్పు చేసి 15 వేలు కట్టాను. ఎనిమిది నెలలు పనిచేశాను, జీతం మాట అటుంచి పెట్రోల్ డబ్బులు కూడా రాలేదు. ఆ అప్పు మా నాయన తీర్చినాడు, రెండు మేకలు అమ్మి.

కాబట్టి లోగోకి డబ్బు కట్టొద్దు. ఎవరైనా స్ట్రింగర్‌గా తీసుకుంటామంటే మూడు ప్రశ్నలు వేయండి: స్టోరీకి ఎంత ఇస్తారు, ఏ తారీఖున ఇస్తారు, అది కాగితం మీద రాసిస్తారా? కాగితం ఇవ్వకపోతే వాట్సాప్‌లో మీరే మర్యాదగా రాయండి, ‘సార్, మీరు చెప్పినట్టు స్టోరీకి ఇంత అని అనుకుంటున్నాను’ అని. ‘ఓకే’ అన్న జవాబు కూడా రేపు ఆధారమే. వర్కింగ్ జర్నలిస్టుల రక్షణకి 1955లో వచ్చిన చట్టం పత్రికలవాళ్ళ కోసమే చేసింది. టీవీవాళ్ళని కూడా ఆ నిర్వచనంలోకి తెచ్చింది 2020లో చేసిన లేబర్ కోడ్. ఆ రక్షణ అడగాలన్నా ఆధారం చూపించాలి, అందుకే మన కాగితాలు మనం జాగ్రత్త చేసుకోవాలి.

యాడ్ల బాధ లేని దారులు కూడా ఉన్నాయి. తిరుపతి ఆకాశవాణి క్యాజువల్ అనౌన్సర్ల కోసం పరీక్ష, ఆడిషన్ పెడుతుంది. నెలకి కొన్ని డ్యూటీలే దొరికినా గొంతుకి అంత మంచి శిక్షణ ఇంకెక్కడా రాదు. విజయవాడలో దూరదర్శన్ సప్తగిరి ఉంది, ప్రసార భారతి నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. తిరుపతిలోనే 2008లో మొదలైన భక్తి ఛానల్ ఎస్వీబీసీ ఉంది. కెమెరా, ఎడిటింగ్ వచ్చినవాళ్ళకు పని ఉంటుంది. టీటీడీ ఛానల్ కాబట్టి నియామక నిబంధనలు ముందే చదువుకోండి.

‘ఏ ఊరు? ఆ ఊళ్ళో ఎక్కడ?’

చిత్తూరులో సాయంత్రం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాచిగూడలో దిగుతారు. ఇంటర్వ్యూలో కాపీ టెస్ట్ అయ్యాక మాటలు మొదలవుతాయి. ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఆ ఊళ్ళో ఎక్కడ? నాన్నగారేం చేస్తారు? పేరు చూసి కులం తేలకపోతే ఈ వరుసలో అడుగుతారు. కొందరు అలవాటుగా అడుగుతారు, కొందరు కావాలనే అడుగుతారు. మీకు ఆ తేడా ముఖం చూస్తే తెలిసిపోతుంది.

జవాబు ముందే తయారు చేసుకోండి, అక్కడ తడబడొద్దు. నేను దాచను. ‘పూతలపట్టు దగ్గర దళితవాడ సార్, మా నాయన కూలి చేస్తాడు. ఆ మండలంలో నాకు తెలియని ఊరు లేదు’ అంటాను. చెప్పడం ఇష్టం లేనివాళ్ళు ‘పూతలపట్టు మండలం సార్’ అని ఆగి, చేతిలో ఉన్న స్టోరీల మీదికి మాట మళ్ళించవచ్చు. అది మీ ఇష్టం, ఎవరూ తప్పు పట్టకూడదు. అబద్ధం మాత్రం చెప్పొద్దు. రేపు బయటపడుతుందేమోనన్న భయంతో ఏళ్ళ తరబడి పనిచేయడం నరకం. అట్లా బతికిన స్నేహితుణ్ణి దగ్గరనుంచి చూశాను.

ఇంటిపేరు గురించే ఇంకో సంగతి. 1996లో వాషింగ్టన్ పోస్ట్ ఢిల్లీ విలేకరి కెన్నెత్ కూపర్, ఆయన నల్లజాతివాడు, ఒక దళిత జర్నలిస్టుని పరిచయం చేయమని ఢిల్లీలో సీనియర్ జర్నలిస్టు బి.ఎన్. ఉనియాల్‌ని అడిగారు. ఉనియాల్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న జర్నలిస్టుల (అక్రెడిటేషన్) జాబితా ముందేసుకుని, ఇంటిపేర్లు చూస్తూ పేరు పేరునా వెతికారు, తెలిసినవాళ్ళకి ఫోన్లు చేశారు. ఒక్కరూ దొరకలేదు. పయనీర్ పత్రికలో ఆ సంగతి రాశారు. ముప్ఫై ఏళ్ళుగా పత్రికల్లో ఉన్న మనిషికి, బయటివాడు అడిగేదాకా ఆ లోటు కనిపించలేదు.

చేరిన తర్వాత

మొదటి సంవత్సరం రాత్రి షిఫ్ట్ పడితే కాదనకండి. పెద్దవాళ్ళు ఉండరు, పని మీద చేయి తిరుగుతుంది. ఆడపిల్లలు మాత్రం డ్రాప్ వెహికల్ సంగతి చేరేముందే తేల్చుకోండి.

కులం పేరుతో మాట పడితే, ఒళ్ళు మండినా, ఆ రాత్రే తారీఖు, టైము, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారో రాసిపెట్టుకోండి. హెచ్ఆర్‌కి మెయిల్‌లోనే ఫిర్యాదు చేయండి, నోటితో చెప్పి ఊరుకోవద్దు. ఎస్సీ, ఎస్టీలని నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆడవాళ్ళని వేధిస్తే, పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో అడిగి తెలుసుకోండి.

ఒంటరిగా ఉండొద్దు. 1975లో వాషింగ్టన్‌లో 44 మంది నల్లజాతి జర్నలిస్టులు కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. మ్యాక్స్ రాబిన్సన్ కూడా అందులో ఒకడు. మనకి అంత పెద్ద సంఘం ఇవాళే అక్కర్లేదు. మన రెండు జిల్లాల నుంచి హైదరాబాద్‌లో, విజయవాడలో, చెన్నైలో పనిచేస్తున్నవాళ్ళది ఒక వాట్సాప్ గ్రూప్ చాలు. ఛానళ్ళలో ఖాళీలకి పేపర్‌లో ప్రకటన రాదు. డెస్క్‌లో ఒకరు మానేస్తే ‘మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?’ అని పక్కవాణ్ణి అడుగుతారు. ఆ పక్కవాడికి తెలిసినవాళ్ళంతా వాళ్ళ బంధువులే అవుతారు, వాళ్ళే వస్తారు. ఇప్పుడు ఆ పక్కన మీరున్నారు. కాపీ రాయడం వచ్చిన ఇద్దరు ముగ్గురు పిల్లల పేర్లు, నంబర్లు, డెమో వీడియోలు ఎప్పుడూ ఫోన్‌లో ఉంచుకోండి. ఖాళీ ఉందని విన్న గంటలోపే ఎడిటర్‌కి పంపండి. సాయంత్రందాకా ఆగితే ఆ కుర్చీ నిండిపోతుంది.